చెయ్యి గుర్తుకు ఓటు ఎందుకు పడడం లేదు? గోదావరి డెల్టా నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ పార్టీ గురించి?

ముఖ్యంగా కాంగ్రెస్ గురించి. అమలాపురంలోనో భీమవరంలోనో నలుగురు కూర్చుని రాజకీయం మాట్లాడుకుంటే కాసేపటికి ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు: అంత పెద్ద పార్టీ, ఇన్నేళ్లయినా ఇక్కడ ఒక్క సీటూ ఎందుకు గెలవలేకపోతోంది? 2024లో ఓడి ప్రతిపక్షంలోకి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ గురించి కూడా ఇప్పుడు ఇలాంటి మాటే వినబడుతోంది కాబట్టి దాని సంగతీ కొంత చెప్తాను. నాకు ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. ఊళ్లో ఉండి చూసినవాణ్ణి, అంతే.

నిజంగా కాంగ్రెస్‌కు ఇక్కడ అంత బలం ఉండేదా?

తాతల కాలానికి వెళ్లనక్కరలేదు, 2009 చాలు. ఉమ్మడి తూర్పు గోదావరిలో 19 శాసనసభ స్థానాలకు 11, ఉమ్మడి పశ్చిమ గోదావరిలో 15కు 9 కాంగ్రెస్ గెలిచింది. మొత్తం 34లో 20. (ఈ 34లో అన్నీ డెల్టావి కావు. తుని, చింతలపూడి మెట్ట ప్రాంతం, రంపచోడవరం, పోలవరం ఏజెన్సీ. అయినా ఓట్ల లెక్క ఎప్పుడూ రెండు జిల్లాల పేరుతోనే చెప్పుకుంటాం.) చిరంజీవి కొత్త పార్టీ ప్రజారాజ్యం మంచి ఊపు మీద ఉండి, ఈ రెండు జిల్లాల్లోనే 5 సీట్లు పట్టుకుపోయిన ఎన్నికలవి. అంత పోటీలోనూ ఇరవై. లోక్‌సభకైతే కాకినాడ, అమలాపురం, రాజమండ్రి, నరసాపురం, ఏలూరు, అయిదుకు అయిదూ కాంగ్రెస్సే.

తర్వాతి ఎన్నికల్లో, 2014లో, సున్నా. 2019లో సున్నా. 2024లోనూ సున్నా. 2019లో రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కు 1.17 శాతం ఓట్లు వస్తే నోటాకు 1.28 శాతం వచ్చాయి. ఎవరూ వద్దని నొక్కినవాళ్లు చెయ్యి గుర్తుకు నొక్కినవాళ్ల కంటే ఎక్కువ.

రాష్ట్ర విభజన వల్లే కదా ఇదంతా? వేరే కారణాలు వెతకడం ఎందుకు?

అందరూ చెప్పే జవాబు ఇదే. ఇందులో నిజం ఉంది. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటులో తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆపి బిల్లు గట్టెక్కించిన తీరు ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. కానీ ఇదొక్కటే కారణమైతే రెండు విషయాలు పొసగవు.

మొదటిది: విభజనను ఎదిరించి ముఖ్యమంత్రి పదవి వదిలిన కిరణ్‌కుమార్ రెడ్డి జై సమైక్యాంధ్ర పార్టీ పెట్టి, 2014 మార్చి 12న తొలి బహిరంగ సభ పెట్టింది మన రాజమండ్రిలోనే. ఓటరు కోపమంతా విభజన గురించే అయితే ఆ పార్టీకి ఓట్ల వాన కురవాలి. ఒక్క సీటు కూడా రాలేదు.

రెండవది: గట్టుకు గండి అంతకుముందే పడింది. రాజశేఖర రెడ్డి 2009 సెప్టెంబరు 2న చనిపోయారు. ఆయన కొడుకు జగన్ కాంగ్రెస్ నుంచి బయటకు వచ్చి 2011 మార్చిలో కొత్త పార్టీ పేరు ప్రకటించిన చోటు తూర్పు గోదావరిలోని జగ్గంపేట. మరుసటి ఏడాది, 2012 జూన్‌లో, 18 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే వైఎస్సార్ కాంగ్రెస్ 15 గెలిచింది, కాంగ్రెస్ 2 గెలిచింది. అప్పటికి విభజన బిల్లు ఊసే లేదు.

ఆ రెండూ ఎక్కడివో చూడండి: నరసాపురం, రామచంద్రపురం. రెండూ గోదావరి సీట్లే. రాష్ట్రమంతా కాంగ్రెస్‌ను వదిలేస్తున్నా గోదావరి వదల్లేదని అప్పట్లో రాసుకున్నారు. నేనూ నమ్మాను. కానీ గెలిచిన ఇద్దరూ, కొత్తపల్లి సుబ్బారాయుడు, తోట త్రిమూర్తులు, ప్రజారాజ్యం మీదుగా కాంగ్రెస్‌లోకి వచ్చినవారు. 2014 వచ్చేసరికి ఒకరు వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి, ఇంకొకరు తెలుగుదేశం అభ్యర్థి. ఆ ఓట్లు మనుషులవి. పార్టీవని పొరబడ్డాం.

ఆ 20 మంది ఎమ్మెల్యేలు ఏమయ్యారు?

ఎక్కువమంది రాజకీయాల్లోనే కొనసాగారు. కండువా మారింది. ఆచంటలో కాంగ్రెస్ తరఫున గెలిచిన పితాని సత్యనారాయణ, భీమవరంలో గెలిచిన పులపర్తి అంజిబాబు 2014లో తెలుగుదేశం నుంచి గెలిచారు. ఏలూరు ఆళ్ల నాని, రామచంద్రపురం పిల్లి సుభాష్ చంద్రబోస్, అమలాపురం పినిపే విశ్వరూప్, తణుకు కారుమూరి నాగేశ్వరరావు వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరి మంత్రులయ్యారు. రాజోలు రాపాక వరప్రసాదరావుది మరీ విచిత్రమైన ప్రయాణం: 2009లో కాంగ్రెస్, 2019లో రాష్ట్రం మొత్తానికి జనసేన గెలిచిన ఒకే ఒక్క సీటు ఆయనదే, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ లోక్‌సభ అభ్యర్థి.

2024లో రాజమండ్రి లోక్‌సభ పోటీ గురించి కూడా చెప్పాలి. కాంగ్రెస్ తరఫున రాష్ట్ర కాంగ్రెస్ (పీసీసీ) మాజీ అధ్యక్షుడు గిడుగు రుద్రరాజు నిలబడ్డారు. గెలిచింది బీజేపీ అభ్యర్థి పురందేశ్వరి. ఆమె పదేళ్లు కాంగ్రెస్ ఎంపీగా, కేంద్ర మంత్రిగా ఉన్నవారే. అంటే కాంగ్రెస్ తయారుచేసిన నాయకులకు డెల్టాలో ఇప్పటికీ ఓట్లు పడుతున్నాయి. కాంగ్రెస్‌లో మిగిలిపోయినవారికి మాత్రమే పడడం లేదు.

నాయకులు పోతే పోయారు, ఓటర్లు ఎక్కడికి పోయారు?

నీరు పల్లమెరుగు అంటారు కదా. ఇది ఊరికే వాడే సామెత కాదు మాకు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన నాటి నుంచి మా బతుకంతా ఏ బోదెకు ఎంత వాలు ఉంది, ఏ తూము ఎంత ఎత్తున ఉంది అనే లెక్క మీదే నడుస్తోంది.

ఓట్ల వాలు ఎలా మారిందో చూడండి. 2014లో పశ్చిమ గోదావరి 15కు 15 తెలుగుదేశం, బీజేపీ కూటమికే ఇచ్చింది. 2019లో అదే జిల్లా వైఎస్సార్ కాంగ్రెస్‌కు 13 ఇచ్చింది. తూర్పు కూడా 14 ఇచ్చింది. 2024లో రెండు ఉమ్మడి జిల్లాల 34 సీట్లూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికే. వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఒక్కటీ మిగల్లేదు. పదేళ్లలో మూడుసార్లు నిండా ముంచి తేల్చిన జనం వీళ్లు. ఇంత తేలికగా పార్టీలు మార్చే ఓటర్లు పాత పగతోనే కాంగ్రెస్‌కు వెయ్యడం లేదంటే నేను ఒప్పుకోను. పగ పట్టే జనమైతే 2014లో కాదన్న పార్టీని 2019లో నెత్తిన పెట్టుకోరు, 2019లో ఇంటికి పంపినవారిని 2024లో పిలిచి పట్టం కట్టరు.

ఒక ప్రభుత్వం మీద విసిగినప్పుడు ఓటరు అడిగేది ఒక్కటే: వీళ్లను దింపగలిగేది ఎవరు? ఆ ప్రశ్నకు జవాబుగా కాంగ్రెస్ పేరు ఈ పదేళ్లలో ఒక్కసారీ ఎవరి నోటా రాలేదు.

అధికార పార్టీ మీద కోపం పెరిగితే ప్రతిపక్షానికి ఎంతో కొంత దక్కాలి కదా?

దక్కదు. కోపం పంచుకునే ఆస్తి కాదు, వాటాలు వేసుకోవడానికి. 2019లో జనసేన నేత పవన్ కల్యాణ్ తెలుగుదేశానికి దూరంగా నిలబడి భీమవరంలో ఓడిపోయారు. అదే మనిషి 2024లో పొత్తు కట్టి పిఠాపురంలో సుమారు 70 వేల ఆధిక్యంతో గెలిచారు. నడుమ ఆయన మీద అభిమానం అంతగా పెరిగిందా? కొంత పెరిగి ఉండవచ్చు. అసలు మార్పు 2023 సెప్టెంబరు 14న జరిగింది. చంద్రబాబును ఉంచిన రాజమండ్రి కేంద్ర కారాగారం బయట నిలబడి, తెలుగుదేశంతో కలిసే పోటీ చేస్తామని పవన్ ప్రకటించారు. ఆ సాయంత్రం మా ఊరి టీ దుకాణంలో ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి "లెక్క తేలిపోయింది" అన్నారు. ఎన్నికలకు ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయి.

రోడ్ల గుంతలు, ధాన్యం డబ్బులు, ఇసుక ధర, అన్నిటి మీదా అప్పటికే కడుపు మంట ఉంది. అది పారడానికి కాలువ దొరికింది ఆ రోజున. అదే కోపం మీద కాంగ్రెస్ కూడా ప్రకటనలు ఇచ్చింది, నిరసనలు చేసింది. 2024లో రాష్ట్రంలో దానికి 1.7 శాతం ఓట్లు వచ్చాయి.

ప్రత్యేక హోదా ఇస్తామంటున్నారు కదా, దానికి విలువ లేదా?

హోదా మాట ఇచ్చిందే కాంగ్రెస్ ప్రధాని. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ అయిదేళ్ల హోదా ప్రకటించారు. తర్వాత అన్ని పార్టీలూ దాన్ని జెండాలా పట్టుకుని తిరిగి, ఒక్కొక్కటిగా పక్కన పెట్టాయి. ఇప్పుడు ఆ మాట వింటే జనానికి కోపం కూడా రావడం లేదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద వంతెనకు దశాబ్దాలుగా ఎదురుచూసి, ఒకటికి మించి శంకుస్థాపన రాళ్లు చూసి, పంటు మీద నది దాటుతూ వచ్చినవాళ్లకు ఢిల్లీ నుంచి వచ్చే హోదా ఎంత దూరంగా కనిపిస్తుందో వేరే చెప్పాలా?

ఆరోగ్యశ్రీ, 108, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఇవన్నీ కాంగ్రెస్ ప్రభుత్వమే ఇచ్చింది. ఆ కృతజ్ఞత లేదా?

కృతజ్ఞత ఉంది. అది పార్టీ ఖాతాలో లేదు. ఆ పథకాలు తెచ్చినవాడు రాజశేఖర రెడ్డి అని జనం మనసులో రాసుకున్నారు. ఆయన పోయాక ఆ వారసత్వాన్ని కొడుకు తన పార్టీ పేరులోనే పెట్టుకున్నారు. దళిత పేటల్లో గోడకు వేలాడే ఆయన ఫొటో పక్కన చెయ్యి గుర్తు ఉండదు, ఫ్యాను గుర్తు ఉంటుంది. 2024 జనవరిలో ఆయన కూతురు షర్మిలను పీసీసీ అధ్యక్షురాలిని చేసినప్పుడు ఈ ఖాతాను తిరిగి తమ పేరు మీదకు మార్పించుకోవచ్చని కాంగ్రెస్ ఆశపడింది. ఆమె సొంత కడపలోనే మూడో స్థానంలో నిలిచారు. ఇక కోనసీమ దాకా ఆ ఆశ ఎలా వస్తుంది?

ఇక్కడ అంతా కులం లెక్కే అంటారు. కాంగ్రెస్‌కు ఏ కులమూ మిగల్లేదు, అందుకే ఓట్లు లేవు. అంతేనా?

కులం లేదని చెప్తే నవ్వుతారు. కాపులు, శెట్టిబలిజలు, మాలలు, మాదిగలు, రాజులు, కమ్మవారు, తీరం వెంట మత్స్యకారులు, అభ్యర్థిని ఎంచేటప్పుడు అన్ని పార్టీలూ ఈ లెక్కలే వేస్తాయి. కానీ కులమే అంతా అయితే 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడిపోకూడదు. సొంత గడ్డ, సొంత కులం బలంగా ఉన్న చోటు, తెలుగువారందరికీ తెలిసిన ముఖం. ఆయన్ను ఓడించింది కాంగ్రెస్ అభ్యర్థి బంగారు ఉషారాణి. 2024లో కాపు ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభం, పవన్‌ను ఓడించకపోతే పేరు మార్చుకుంటానని శపథం చేశారు. పిఠాపురం ఓటర్లు ఆ మాట విన్నారు, వెళ్లి పవన్‌కే వేశారు. ముద్రగడ మాట మీద నిలబడి పద్మనాభ రెడ్డి అయ్యారు. మాట నిలబెట్టుకున్న రాజకీయ నాయకుడిగా ఆయన్ను మెచ్చుకోవాల్సిందే.

నా అంచనా ఇది: కులం ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్తుంది, లోపలికి రమ్మనాలంటే వేరే పరిచయం కావాలి. కాంగ్రెస్‌కు గుమ్మం దాకా తీసుకెళ్లే మనిషే ఇప్పుడు ఊళ్లో లేడు.

డెల్టాలో రైతు సమస్యలకు కొదవ లేదు. వాటి మీద పోరాడితే ఓట్లు రావా?

ఇది ఎక్కువమంది అడిగే ప్రశ్న, నాకూ ఎక్కువ చెప్పాలని ఉన్న ప్రశ్న.

ముందు ఒక పాత సంగతి. 2011లో కోనసీమ రైతులు సార్వా (తొలి పంట వరి) వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. దేశమంతా మాట్లాడుకుంది. అప్పుడు రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వాలే. కమిటీ వేశారు, నివేదిక వచ్చింది. రైతు అడిగింది మాత్రం చాలా చిన్న విషయాలు: గిట్టుబాటు ధర రావాలి, మురుగు కాలువల్లో పూడిక తీయాలి, కూలి ఖర్చు తగ్గే దారి చూపాలి. అప్పుడు చెయ్యగలిగి చెయ్యనిదాన్ని ఇప్పుడు ఎదుటివారిని ఎందుకు చెయ్యలేదని అడగడం కాంగ్రెస్‌కు కష్టం.

ఇక ఇప్పటి సంగతి. మా పొలాల్లో చెమట పట్టేవారిలో ఎక్కువమంది కౌలు రైతులు. భూమి యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. 2019లో కౌలు రైతుకు సాగు హక్కు పత్రం ఇచ్చే చట్టం వచ్చింది. దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమాని భయం. సంతకం లేకపోతే కౌలుదారుకు పంట రుణం లేదు, నష్టపరిహారం యజమాని ఖాతాలోకి పోతుంది, ధాన్యం అమ్మేటప్పుడు పేరు సరిపోదు. ఈ ముడి ఎవరూ విప్పలేదు. విప్పడానికి ఒక ప్రతిపక్షం ఏం చెయ్యగలదు? సభలో అడగడం సరే. అంతకంటే ముందు, ఒక్కో ఊళ్లో పదిమంది కౌలుదారులను వెంటబెట్టుకుని యజమానులతో మాట్లాడి, రైతు సేవా కేంద్రంలో పేరు నమోదు చేయించే మనిషి కావాలి. అది ఫొటోలో కనిపించని పని. నాలుగు నెలలు పడుతుంది, తర్వాత ఏడాది మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి.

దాళ్వా (రెండో పంట) కోతల సమయంలో అకాల వర్షం పడిందనుకోండి. ధాన్యం కళ్లంలో తడుస్తుంది. తేమ 17 శాతం దాటితే మిల్లు దగ్గర కోత మొదలు. గింజ రంగు మారితే ఇంకో కోత. గోనె సంచులు దొరకవు, లారీ దొరకదు. ఒకసారి అలాంటి వానలో ఒక పార్టీ నాయకుడు మా వైపు వచ్చారు. పార్టీ పేరు చెప్పను, అందరికీ వర్తిస్తుంది కాబట్టి. మొలకెత్తిన ధాన్యం దోసిట్లోకి తీసుకుని కెమెరా వైపు చూపించారు, పది నిమిషాలు ప్రభుత్వాన్ని తిట్టారు. పక్కనే ఉన్న కౌలు రైతు అడిగాడు: "అయ్యా, ఓ వంద సంచులు ఇప్పించగలరా?" నాయకుడు పక్కవాడికి చెప్పారు. పక్కవాడు రాసుకున్నాడు. సంచులు రాలేదు. ఆ ధాన్యం ఎలా అమ్ముడైందో నాకు తెలుసు: అధికార పార్టీ గ్రామ నాయకుడు మిల్లరుకు ఫోను చేశాడు. రైతు అతణ్ణి తిట్టుకుంటూనే, ఆ ఫోను చేసినందుకు ఎన్నికలప్పుడు అతను చెప్పినవారికే వేశాడు.

అంటే పార్టీలు పోరాడకపోవడమే కారణమా?

పోరాటం తక్కువేమీ కాలేదు. ధర్నా ఉదయం పదకొండుకు మొదలై పన్నెండున్నరకు అయిపోతే ఏం లాభం? కలెక్టరేటు గేటు ముందు కూర్చునే ఆ గంటన్నర కంటే, తహసీల్దారు కార్యాలయంలో పేరు తప్పు దిద్దించడానికి ఒక ముసలమ్మతో మూడుసార్లు తిరిగినవాడే ఊళ్లో పార్టీ. మా వైపు ఇంకో లెక్క కూడా ఉంది. చావు ఇంటికి ఎవరు వచ్చారు, దినకార్యం రోజు భోజనానికి ఎవరు కూర్చున్నారు, వరదలో లంకల్లోకి నావ మీద ఎవరు బియ్యం తెచ్చారు. ఇవి ఎవరూ కాగితం మీద రాయరు. మరిచిపోరు కూడా.

అలా అయితే ఎప్పుడూ జనంలో ఉండే కమ్యూనిస్టులు ఎందుకు గెలవడం లేదు?

మంచి ప్రశ్న, నా వాదనకు ఇబ్బంది పెట్టే ప్రశ్న కూడా. డెల్టా ఒకప్పుడు ఎర్ర జెండాకు పెట్టని కోట. 1955లో ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. ఎదుటివారంతా కాంగ్రెస్ నాయకత్వంలో ఒక్కటయ్యారు. ఆ దెబ్బ నుంచి వారు మళ్లీ పూర్తిగా లేవలేదు.

కానీ ఈ మధ్య జరిగిన రెండు ఎన్నికలను పక్కపక్కన పెట్టి చూడండి. 2024 డిసెంబరులో, కూటమి 34కు 34 గెలిచి ఆరు నెలలు తిరిగేసరికి, ఉభయ గోదావరి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఉప ఎన్నికలో వామపక్ష అనుబంధ ఉపాధ్యాయ సంఘం నిలిపిన బొర్రా గోపీమూర్తి గెలిచారు. రెండు నెలల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, అదే జిల్లాల పట్టభద్రుల ఎన్నికలో వామపక్షాలు బలపరిచిన అభ్యర్థి ఓడిపోయారు, తెలుగుదేశం అభ్యర్థి పేరాబత్తుల రాజశేఖరం గెలిచారు. నేల అదే, భావజాలం అదే. తేడా ఎక్కడ? ఉపాధ్యాయుడికి బదిలీ వచ్చినా, జీతం ఆగినా, సెలవు మంజూరు కాకపోయినా ఆ సంఘం మనిషి పక్కన ఉంటాడు, ఏడాది పొడవునా. పట్టభద్రుడి పక్కన అలా ఎవరూ లేరు.

కాబట్టి "జనంలో ఉండడం" అనే మాట కొంచెం విడదీసి చూడాలి. ఉద్యమంలో ఉండడం వేరు. భీమవరం దగ్గరి తుందుర్రు ఆక్వా పార్కు వ్యతిరేక పోరాటంలో జనంతో కలిసి దెబ్బలు తిన్న ఎర్ర జెండా వాళ్లను ఊరి ఆడవాళ్లు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. ఓటు దగ్గరకు వచ్చేసరికి, గెలవనివారికి వేసి ఎందుకు వృథా చేసుకోవాలంటారు. మళ్లీ అదే వాలు.

డబ్బు లేకపోవడం కూడా కారణమేనా?

కారణమే. అయితే ఖర్చు పెట్టి ఓడినవాళ్లు డెల్టాలో వీధికి ఇద్దరు దొరుకుతారు.

సామాజిక మాధ్యమాల్లో బలం పెంచుకుంటే?

బూత్‌లో ఏజెంటుగా కూర్చోవడానికి మనిషి దొరకని పార్టీ వీడియో ఎంతమంది చూస్తే ఏం?

వైఎస్సార్ కాంగ్రెస్ కూడా కాంగ్రెస్ దారిలోనే పోతుందా?

ఇప్పుడే అలా అనలేం. 2024లో దానికి 175లో 11 సీట్లే వచ్చినా ఓట్లు 39 శాతం దాటాయి. 1.7 శాతం పార్టీతో 39 శాతం పార్టీని పోల్చడం తగదు. ఊళ్లలో దానికి ఇంకా మనుషులున్నారు, దళిత పేటల్లో అభిమానం ఉంది. రేపు కూటమి మీద జనం విసిగితే వాలు అటువైపే ఉంటుంది.

అయినా నాకు రెండు విషయాల్లో కాంగ్రెస్ పాత తప్పులు కనిపిస్తున్నాయి. మొదటిది, వాలంటీర్లు. 2019లో 50 ఇళ్లకు ఒకరిని పెట్టి పింఛను గుమ్మం దగ్గరకే పంపారు. ముసలివాళ్లకు అది నిజంగా మేలు, కాదనను. కానీ అంతకుముందు ఊళ్లో ఆ పని చేయించి పెట్టి మంచి పేరు తెచ్చుకునే పార్టీ కార్యకర్త చేతిలో పని లేకుండా పోయింది. జెండా మోసినవాణ్ణి ఎవరూ అడగడం మానేశారు. ఎన్నికల ముందు వాలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచమని ఎన్నికల సంఘం ఆదేశించేసరికి, ఇల్లిల్లూ తెలిసిన మనుషులు పార్టీకి మిగల్లేదు. బటన్ నొక్కితే డబ్బు పడుతుంది, ఓటు పడదని అప్పుడు తెలిసింది. భూహక్కు చట్టం గోల వచ్చినప్పుడు ఆ లోటు బాగా కనిపించింది. పట్టాదారు పుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో, పొలం గట్టున సర్వే రాయి మీద పేరు చూసి, భూమి పోతుందన్న ప్రచారాన్ని రైతు నమ్మాడు. ఆ ప్రచారంలో నిజమెంత అన్నది పక్కన పెట్టండి. అరుగు మీద కూర్చుని "బాబాయ్, భయపడకు, సంగతి ఇది" అని చెప్పే సొంత మనిషి ఊరూరా ఉంటే అది అంత దూరం పోయేది కాదు.

రెండవది, గైర్హాజరు. ప్రతిపక్ష నేత హోదా ఇవ్వలేదని శాసనసభకు దూరంగా ఉన్నారు. 2025 పట్టభద్రుల ఎన్నికల్లో అభ్యర్థిని నిలపలేదు. ఓడిపోయినవాడు కనిపించకపోతే ఊళ్లో ఏమనుకుంటారో 2014 తర్వాత కాంగ్రెస్ నాయకులను అడిగితే చెప్తారు.

కాంగ్రెస్ మళ్లీ మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

శాసనసభ నుంచి కాదు, లోక్‌సభ నుంచి అసలే కాదు. 2014లో కేంద్ర మంత్రిగా ఉంటూ కాకినాడలో నిలబడిన పళ్లంరాజుకు డిపాజిట్ కూడా దక్కలేదు. మూడు తరాల పేరున్న కుటుంబం అది. పెద్ద పేరుతో పెద్ద ఎన్నికలోకి దిగితే ఓటమి కూడా పెద్దగానే కనిపిస్తుంది.

పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. చెయ్యి గుర్తు బరువుగా ఉన్నవారికి అది వరం కాదా? వార్డు సభ్యుడిగా ఒక మంచి కుర్రాడు గెలిస్తే చాలు. తర్వాత సహకార సంఘాలు, నీటి సంఘాలు. నీటి సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. చాలా చోట్ల ఏకగ్రీవాలే. అంటే అక్కడ నిలబడేవాడే లేడు. శివారు పొలాలకు నీరు అందని ఊళ్లో, గుర్రపుడెక్క తీయించి, కాలువ నీళ్లు వదిలే లస్కరుతో మాట్లాడి వంతు నీళ్లు కిందికి పారించే అధ్యక్షుడికి ఏ పార్టీ అయినా ఊరు మర్యాద ఇస్తుంది. పదేళ్లు పడుతుంది. పదేళ్లు ఆగే ఓపిక ఉన్నవారు ఆ పార్టీలో ఎంతమంది మిగిలారో నాకు అనుమానమే.

మీ ఊళ్లో కాంగ్రెస్ వాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఒకాయన ఉన్నారు. ఎనభై దాటింది. ప్రతి డిసెంబరు 28న పార్టీ పుట్టినరోజని ఇంటి ముందు జెండా కడతారు, పిల్లలకు బిళ్లలు పంచుతారు. 2024లో పోలింగు రోజున మా బూత్‌లో కాంగ్రెస్ ఏజెంటు కుర్చీ ఖాళీగా ఉంది. సాయంత్రం కర్ర ఊతతో వచ్చి ఓటు వేసి, బయటకు వస్తూ ఆ కుర్చీ వైపు చూసి నాతో అన్నారు: "పొద్దున్నే చెప్పి ఉంటే నేను కూర్చునేవాణ్ణి కదయ్యా. నన్నెవరూ అడగలేదు."